పార్టీ కార్డులు అమ్మిన పాటగత్తెలు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

(దారెస్సలాంలో నేను లెక్కల టీచరుగా పనిచేసిన రోజుల గురించి కిందటి సంచికలో రాసిన వ్యాసానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. అన్నిటికీ జవాబు రాసే చోటు లేదు. టాంజానియా మనుషుల గురించి, వాళ్ళ స్వాతంత్ర్యం గురించి అడిగినవాటినే ఏరుకున్నాను. జిరాఫీలు, సఫారీ ప్యాకేజీల గురించి అడిగినవాళ్ళు ఏమీ అనుకోవద్దు.)

ఆఫ్రికా పోరాటం అంటే మా సిలబస్‌లో మండేలా ఒక్కరే మేడమ్. మీరు ఉండి వచ్చిన టాంజానియాలో ఎవరు పోరాడారు? అందులో ఆడవాళ్ళు ఉన్నారా? అక్కడా ఫొటోల్లో అందరూ మగవాళ్ళేనా?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

ఫొటోల్లో మగవాళ్ళే ఎక్కువమ్మా. కానీ 1950ల నాటి సభల ఫొటోలు కొంచెం పరీక్షగా చూడు. తర్వాత ఆ దేశానికి తొలి అధ్యక్షుడైన జూలియస్ నైరేరే పక్కన ధాటిగా నిలబడిన ఒక ఆవిడ కనిపిస్తుంది. ఆవిడే బీబీ టీటీ మహమ్మద్.

అప్పట్లో ఆ దేశం పేరు టాంగన్యీకా. మొదట జర్మన్ల కింద ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ వాళ్ళ చేతికొచ్చింది. 1954 జూలై 7న ‘టాను’ అనే పార్టీ పుట్టింది. నాయకుడు నైరేరే, బడిపంతులు. పార్టీ పెట్టడమైతే పెట్టారు గానీ ఒక చిక్కొచ్చింది. ప్రభుత్వ ఉద్యోగులెవరూ అందులో చేరకూడదని బ్రిటిష్ వాళ్ళు కట్టడి చేశారు. ఆ రోజుల్లో నాలుగు అక్షరం ముక్కలు వచ్చినవాడల్లా దాదాపు ప్రభుత్వ ఉద్యోగే. ఇక చేరేది ఎవరు? టాక్సీ డ్రైవర్లు, సంతలో కొబ్బరికాయలు అమ్ముకునేవాళ్ళు, ఆడవాళ్ళు.

1955లో బ్రిటన్ లేబర్ పార్టీ నుంచి జాన్ హాచ్ అనే ఆయన దారెస్సలాం వచ్చాడు. పార్టీలో మహిళా విభాగం ఉందా అని అడిగాడు. చెప్పుకోవడానికి ఒక్క పేరు లేదు. అప్పుడు బీబీ టీటీని ముందుకు తెచ్చారు. అప్పటికి ఆవిడకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది. కానీ ఊళ్ళో ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఎందుకంటే ఆవిడ ‘బొంబా’ అనే ఎన్గోమా బృందంలో ముఖ్య గాయని.

ఎన్గోమా అంటే డప్పులు, పాట, ఆట అన్నీ కలిసింది. ఈ ఆడవాళ్ళ బృందాలు స్టేజీ మీద ప్రదర్శనలిచ్చేవి కావు. పెళ్ళయితే పాడతారు, చావయితే తలా కాస్త వేసుకుని ఖర్చు గట్టెక్కిస్తారు. ఒకరి మొగుడు వదిలేసి పోతే ఇంకొకరి ఇంట్లో చోటిస్తారు. బృందానికో నాయకురాలు, అందరికీ ఒకే రంగు బట్ట. పక్క బృందంతో పోటీ, ఎకసెక్కాల పాటలు. నన్నడిగితే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఒకే తెగవాళ్ళు కూడి పెట్టుకున్న బృందాలు కావివి. తీరం నుంచి వచ్చిన జరామో ఆవిడ, కాంగో వైపు నుంచి వచ్చిన మన్యేమా ఆవిడ, ఎక్కడో దక్షిణాన పుట్టిన యావో ఆవిడ పట్నానికి చేరి, స్వాహిలిలో పాడుకుంటూ ఒకరికొకరు చుట్టాలైపోయారు. ‘మనమంతా ఒక దేశం’ అని టాను చెప్పాలనుకున్న మాట వాళ్ళ వరండాల్లో అప్పటికే జరిగిపోతోంది.

బీబీ టీటీ ఇల్లిల్లూ తిరగలేదు. నేరుగా బృందాల నాయకురాళ్ళ దగ్గరికి వెళ్ళింది. వాళ్ళు ఊ అంటే మొత్తం బృందం కార్డులు కొన్నట్టే. కొద్ది నెలల్లోనే వేల మంది ఆడవాళ్ళు పార్టీలో చేరారు. ఉద్యోగం ఊడుతుందని గుమాస్తాలు జంకుతుంటే వాళ్ళ పెళ్ళాలు, తల్లులు కార్డు కొని పెట్టెలో దాచుకున్నారు.

అలాంటి కార్డు ఒకటి నేను చూశాను. మా వెనక వీధిలో తెల్లారుజామున విటుంబువా వేసి అమ్మే పెద్దావిడ ఉండేది. విటుంబువా అంటే బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి గుంతల పెనం మీద వేసేవి. అచ్చం మన గుంతపొంగణాలే, కాకపోతే తియ్యగా ఉంటాయి. ఒకరోజు బిస్కెట్ల డబ్బా తీసి వాళ్ళమ్మ కార్డు చూపించింది. మడతల దగ్గర చిరిగి, ఒక మూల నూనె మరక. మీ అమ్మ స్వాతంత్ర్యం కోసం చేరిందా అంటే పెద్దావిడ నవ్వింది. “స్వాతంత్ర్యం గురించి ఆమెకేం తెలుసు? బృందం పెద్ద చేరమంది, చేరింది. చేరాక తెలిసింది ఎందుకో” అంది. నేను చదివిన ఏ చరిత్ర పుస్తకమూ ఈ విషయం ఇంత సూటిగా చెప్పలేదు.

1961 డిసెంబర్ 9న స్వాతంత్ర్యం వచ్చింది. బీబీ టీటీ జూనియర్ మంత్రి అయింది. 1965 ఎన్నికల్లో ఓడిపోయింది. 1967లో దేశాన్ని సోషలిజం దారి పట్టిస్తామంటూ టాను చేసిన అరుషా ప్రకటన వచ్చాక, నాయకులెవరూ ఇళ్ళు అద్దెకిచ్చి సంపాదించకూడదని నియమం పెట్టారు. ఆవిడకేమో అద్దె ఇళ్ళున్నాయి. ఒప్పుకోక పార్టీ పదవి వదిలేసింది. 1969లో ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర చేసిందని అరెస్టు చేశారు, యావజ్జీవ శిక్ష వేశారు. 1972లో నైరేరేనే విడుదల చేశాడు. తర్వాత చాలాకాలం ఆవిడ పేరెత్తినవాళ్ళు లేరు. 2000లో పోయింది. ఇప్పుడు దారెస్సలాం నడిబొడ్డున ఆవిడ పేరుతో పెద్ద రోడ్డుంది. దాని మీద ట్రాఫిక్ జామ్‌లో నేనూ బోలెడుసార్లు ఇరుక్కున్నాను.

మీ వ్యాసంతో వేసిన ఫొటోలో భుజం మీద ఉన్న బట్ట ఏమిటి? అంచు మీద ఏవో అక్షరాలు ఉన్నాయి. దాని ధర, నేత వివరాలు చెప్పగలరా?
– చీరల వ్యాపారి, మంగళగిరి

దాన్ని కాంగా అంటారండీ. నేత గొప్పదేం కాదు, మామూలు నూలు గుడ్డ మీద అచ్చు. మీరు పట్టుకోగానే పెదవి విరుస్తారు. అందం అచ్చులో ఉంది. చుట్టూ వెడల్పాటి అంచు, నడుమ ఒక బొమ్మ, జీడిపండో కోడో పువ్వో. బొమ్మ కింద గడిలాంటి చోట ఒక వాక్యం. రెండు ముక్కలు కలిపే అమ్ముతారు. విడదీసి అంచు కుట్టుకుని ఒకటి నడుముకి, ఒకటి తలకో భుజానికో. పసిపిల్లను వీపుకి కట్టుకోవాలన్నా అదే. పురుటి మంచం మీదా అదే, శవం దగ్గరా అదే.

ఆ వాక్యమే అసలు సంగతి. నా దాని మీద ఉన్నది ‘వాచే వసేమే’, అననీ, ఎంతైనా అననీ అని. మా స్కూల్లో సాటి టీచరు కొనిచ్చింది. స్టాఫ్ రూంలో ఇంకో టీచరుకీ నాకూ మాటల్లేని రోజులవి. దాన్ని కట్టుకుని ఒకసారి వరండాలో అటూ ఇటూ నడవమంది. నడిచాను. ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలింది. అక్కడి ఆడవాళ్ళు సవతితో, ఆడపడుచుతో, అప్పు ఎగ్గొట్టిన పొరుగింటావిడతో నోరు విప్పకుండా ఇలాగే పోట్లాడతారు.

దీని వెనక పాత కథ ఒకటుంది. పక్కనే ఉన్న జాంజిబార్ దీవిలో బానిసత్వాన్ని చట్టంతో రద్దు చేసింది 1897లో. అంతకుముందు బానిస స్త్రీ కట్టుకునే ముతక నీలిగుడ్డ పేరు ‘కనికి’. చూడగానే ఎవరి సొత్తో తెలిసిపోయేది. చట్టం మారాక ఆ ఆడవాళ్ళు మొదట చేసిన పనుల్లో ఒకటి కనికి వదిలేసి రంగురంగుల కాంగా కట్టుకోవడం. చేతిలో డబ్బు లేకపోయినా అప్పు చేసి కొన్నారు. ఇది షోకు అని మాజీ యజమానులు మూతి ముడుచుకున్నారట. ముడుచుకోరా మరి!

1999 అక్టోబర్‌లో నైరేరే పోయినప్పుడు లండన్ నుంచి పార్థివదేహం వచ్చిన రోజు నేను విమానాశ్రయం రోడ్డు మీద ఉన్నాను. ఆయన బొమ్మ అచ్చేసిన కాంగాలు కట్టుకుని ఆడవాళ్ళు పాడుతూ ఏడుస్తున్నారు. వ్యాపారం మాటకొస్తే, అక్కడ అమ్మే కాంగాల్లో చాలా భాగం మన దేశంలో అచ్చు వేయించి పంపేవే. ధర ఇప్పుడెంతో మీరే కనుక్కోండి, మీకది నాకంటే తేలిక.

హైదరాబాద్ ఏ.సీ. గార్డ్స్‌లో పెరిగాను. మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో మర్ఫా వాయించేవాళ్ళు. దీనికీ ఆఫ్రికాకీ సంబంధం ఉందంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

నిజమే. ఏ.సీ. అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం దగ్గర పనిచేసిన సిద్దీల, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ, గుర్రపు దళం. మర్ఫాలో సిద్దీల చెయ్యి ఉంది, బార్కస్ వైపు స్థిరపడిన యెమెన్ అరబ్బుల చెయ్యీ ఉంది. మీ బస్తీలో పెద్దవాళ్ళు ఇంకా ఉంటే నన్ను అడగడం మాని వాళ్ళ దగ్గర కూర్చోండి.

టాంజానియాలో నీళ్ళు చల్లుకుంటే తూటాలు తగలవని నమ్మి వేలమంది చచ్చిపోయారని చదివాను. దాన్ని స్వాతంత్ర్య పోరాటం అనడం సబబేనా? మూఢనమ్మకం కాదా?
– రిటైర్డ్ సైన్స్ మాస్టారు, తెనాలి

మాస్టారూ, నీళ్ళు తూటాల్ని ఆపవు. మీతో పేచీ లేదు. కానీ కథ నీళ్ళతో మొదలవలేదు, పత్తితో మొదలైంది.

జర్మన్లు దక్షిణ ప్రాంతంలో ఊరికో ఉమ్మడి చేను పెట్టి అందులో పత్తి పండించమన్నారు. తమ జొన్న చేలో కలుపు తీయాల్సిన రోజుల్లో జనం ఈ పత్తి చేలో వెట్టికి పోవాలి. రానివాళ్ళకి కొరడా. ఏడాది చివర చేతిలో పెట్టేది చిల్లర. 1905 జూలైలో మతుంబి కొండల్లో కొందరు చేలో దిగి పత్తి మొక్కలు పీకి పడేశారు. యుద్ధం మొదలైంది అలా.

అంతకు కొంతకాలం ముందు నుంచే ఎన్గారంబె అనే ఊళ్ళో కింజికిటిలె అనే ఆయన నీళ్ళ మందు ఇస్తున్నాడు. నీళ్ళు, ఆముదం, జొన్నలాంటి గింజలు. ఆ మందు తీసుకున్నవాళ్ళ మీద జర్మన్ తూటా నీళ్ళైపోతుందని నమ్మకం. స్వాహిలిలో నీళ్ళను మాజీ అంటారు గనక దానికి మాజీ మాజీ తిరుగుబాటు అని పేరు పడింది. మీరు దీన్ని మందుగా చూస్తున్నారు. నేను దీన్ని ఒక ఒప్పందంగా చూస్తాను. అప్పటిదాకా ఒకరి పశువుల్ని ఒకరు తోలుకుపోయిన ఇరవై దాకా తెగలు ఒకే మందు తాగి ఒకవైపు నిలబడ్డాయి. ఇంకే సభా, కరపత్రమూ ఆ పని చేసి ఉండేవి కావు.

దానికి ధర మాత్రం ఘోరం. ఆగస్టు 30న మహెంగె దగ్గర వేలమంది జర్మన్ కోట మీదికి నడుచుకుంటూ వచ్చారు. లోపల రెండు మెషిన్‌గన్లు ఉన్నాయి. తర్వాత జర్మన్లు యుద్ధం మానేసి ఊళ్ళు, గాదెలు, చేలు తగలబెట్టడం మొదలెట్టారు. తూటాలకంటే ఆకలికి పోయినవాళ్ళే ఎక్కువ. మొత్తం చావులు 75,000 అని కొందరు, 3,00,000 దాకా అని కొందరు లెక్కగడతారు. 1906లో సోంగియాలో ఎన్గోనీ తెగ పెద్దల్ని వరసగా ఉరితీశారు. వాళ్ళలో సోంగియా ఎంబానో ఒకడు, ఇప్పటి ఊరికి ఆయన పేరే. ఆయన తల కోసి జర్మనీకి పట్టుకుపోయారని వారసులు ఈరోజుకీ వెతుకుతున్నారు. 2023 నవంబర్ 1న జర్మనీ అధ్యక్షుడు స్టెయిన్‌మయర్ సోంగియాకే వచ్చి క్షమాపణ అడిగాడు. నూటపద్దెనిమిదేళ్ళు పట్టింది.

ఇక ‘పోరాటమేనా’ అన్న మీ ప్రశ్న. నైరేరే 1956లో ఐక్యరాజ్య సమితికి వెళ్ళి తన దేశం సంగతి చెప్పినప్పుడు మాజీ మాజీని దాటేయలేదు. మా తాతలు తెల్లవాడికి మమ్మల్ని ఏలే హక్కు లేదనుకున్నారు గనకే లేచారు అన్న అర్థంలో చెప్పాడు. ఆ ఓటమి గుర్తుండబట్టే తన పార్టీని ఆయుధాల జోలికి పోనివ్వలేదు.

పద్ధతి మారడం కూడా చూడండి. 1951లో మేరు కొండ దగ్గర తెల్ల పశుపోషకుల కోసం సుమారు 3,000 మంది మేరు జనాన్ని వాళ్ళ ఊళ్ళ నుంచి వెళ్ళగొట్టారు, ఇళ్ళు కాల్చారు. ఈసారి ఎవరూ నీళ్ళ మందు తాగలేదు. ఊరూరా డబ్బు పోగేసి కిరిలో జాఫెట్ అనే మనిషిని 1952లో న్యూయార్క్ పంపించారు. ఐక్యరాజ్య సమితిలో నిలబడి మా భూమి మాకియ్యండి అని ఆయన అడిగాడు. భూమి అప్పటికప్పుడు రాలేదు. కానీ చందా ఇచ్చిన ప్రతివాడూ, ఈ సర్కారు పైన అడిగేవాళ్ళు ఇంకొకరున్నారని తెలుసుకున్నాడు.

120కి పైగా తెగలున్న దేశం కొట్టుకోకుండా ఎలా ఉంది మేడమ్? స్వాతంత్ర్యం వచ్చాక వాళ్ళ సంస్కృతిని వాళ్ళు కాపాడుకున్నారా?
– ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

మొదటిదానికి జవాబు తొందరగా చెప్తాను. జనం ఎక్కువున్న ఏ తెగా మిగతావాటిని మింగేసేంత పెద్దది కాదు. నైరేరే కూడా జనాకీ అనే చిన్న తెగవాడు. స్వాహిలి ఏ ఒక్క పెద్ద తెగ సొత్తూ కాదు, వ్యాపార మార్గాల వెంట అప్పటికే పాకి ఉంది. దాన్నే జాతీయ భాష చేసి ప్రాథమిక బడులన్నిటా పెట్టారు. హైస్కూలు పిల్లల్ని వేరే జిల్లాల హాస్టళ్ళకి పంపేవారు. నా క్లాసులో చగ్గా పిల్లాడు, హాయా పిల్ల, మకోండే పిల్లాడు ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళు. పెళ్ళిళ్ళూ కలిశాయి.

హైస్కూలుకి రాగానే పాఠం ఇంగ్లిష్‌లోకి మారుతుంది. ఏడో తరగతి దాకా స్వాహిలిలో గడగడా లెక్క చెప్పిన పిల్లవాడు ఎనిమిదిలో నోరు మూసుకుంటాడు. మా క్లాసులో ఒక అబ్బాయికి జవాబు ఎప్పుడూ తెలుసు. చెయ్యెత్తడు. లేచొచ్చి సుద్దముక్క తీసుకుని బోర్డు మీద చివరి అంకె రాసి వెళ్ళి కూర్చుంటాడు. ఎలా వచ్చిందిరా అంటే తల దించుకుంటాడు. స్వాహిలిలో చెప్పరా అని తలుపు మూశాను. ఇన్‌స్పెక్టర్ వస్తే ఎలా అని టెన్షన్ పడింది నేనే, వాడు మాత్రం చక్కగా చెప్పాడు. స్వాహిలి పరిస్థితే ఇలా ఉంటే ఇంట్లో అమ్మమ్మ మాట్లాడే జనాకీ, హేహె లాంటి భాషలకి బడిలో చోటే లేదు. ఐక్యతకి కట్టిన కిస్తీలు అవి.

రెండో ప్రశ్న దగ్గర నాకు నైరేరే మీద కోపమొస్తుంది. ఆ మనిషంటే నాకెంత గౌరవమున్నా. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1962లో, సంస్కృతికి ఒక మంత్రిత్వ శాఖ పెట్టారు. మన ఆటపాటల్ని చూసి సిగ్గుపడేలా తెల్లవాళ్ళు మనని తయారుచేశారని నైరేరే చెప్పేవాడు. సరైన మాటే. కానీ కాపాడే పని సర్కారు చేతికి పోగానే ఏది మన సంస్కృతో ఆఫీసులో నిర్ణయించడం మొదలైంది. 1968లో పశువులు కాచుకునే మసాయి తెగవాళ్ళ మీద పడ్డారు. ఎర్రమట్టి పూసుకోవద్దు, దుప్పటి కప్పుకుని బజారుకి రావొద్దు, ప్యాంటు తొడుక్కో, దేశం పరువు పోతోంది అని. అదే ఏడాది అక్టోబర్‌లో పార్టీ యువజన విభాగం ఇంకో ప్రకటన చేసింది. మినీ స్కర్టులు, విగ్గులు, బిగుతు ప్యాంట్లు విదేశీ పోకడ, 1969 జనవరి 1 నుంచి బంద్. దారెస్సలాంలోని కరియాకో బస్టాండులో కుర్రమూకలు అమ్మాయిల్ని బస్సుల్లోంచి లాగి అల్లరి చేశాయి. మసాయివాడు మరీ ఆఫ్రికన్‌గా ఉన్నాడని తప్పు, పట్నం పిల్ల చాలినంత ఆఫ్రికన్‌గా లేదని తప్పు! మధ్యలో సరైన ఆఫ్రికన్ ఎవరయ్యా అంటే సఫారీ సూటు వేసుకున్న పార్టీ కార్యదర్శి.

1973–76 మధ్య లక్షలమంది రైతుల్ని ఉజమా గ్రామాలకి, అంటే సర్కారు పెట్టిన ఉమ్మడి పల్లెలకి, తరలించారు. వెళ్ళనన్నవాళ్ళని లారీలెక్కించారు. కలిసి బతకడం ఆఫ్రికా పల్లె లక్షణం అన్నది నైరేరే సిద్ధాంతం. కలిసే బతికారు, నిజమే. కానీ తాతల సమాధుల పక్కన, తమ మామిడిచెట్ల కింద బతికారు. ఆ చెట్లని లారీ ఎక్కించలేరు కదా.

ఇంత చేసినా మసాయిలు దుప్పటి వదల్లేదు. ఇప్పుడు అదే దుప్పటిని టూరిజం పోస్టర్ల మీద వేసి డాలర్లు సంపాదిస్తున్నారు.

వచ్చే నెల కంపెనీ పని మీద దారెస్సలాం వెళ్తున్నాను. అక్కడి పోరాటంలో ఇండియన్లు పాల్గొన్నారా? మనవాళ్ళంటే అక్కడివాళ్ళకి ఏ అభిప్రాయం ఉంది? కందిపప్పు, కరివేపాకు దొరుకుతాయా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

పాల్గొన్నవాళ్ళు ఉన్నారు, తక్కువమంది. 1958–59 ఎన్నికల్లో బ్రిటిష్ వాళ్ళు విడ్డూరమైన పద్ధతి పెట్టారు. ప్రతి ఓటరూ మూడు ఓట్లు వేయాలి. ఒక ఆఫ్రికన్‌కి, ఒక యూరోపియన్‌కి, ఒక ఆసియావాడికి. జనాభాలో ఎవరెంతమంది అన్నదానితో పని లేదు, ముగ్గురికీ సమానం! టాను దీన్ని బహిష్కరిస్తుందని అందరూ అనుకున్నారు. బహిష్కరించలేదు. మూడు జాతుల్లోనూ తనకి నచ్చినవాళ్ళని నిలబెట్టి గెలిపించుకుంది. అలా వచ్చిన మనవాళ్ళే అమీర్ జమాల్, సోఫియా ముస్తఫా. జమాల్ తర్వాత ఏళ్ళతరబడి ఆర్థికమంత్రి.

మిగతా మనవాళ్ళలో చాలామంది దుకాణం కౌంటరు వెనకే ఉండిపోయారు. కౌంటరుకి అటు ఆఫ్రికన్, ఇటు ఇండియన్, పైన తెల్లవాడు. 1971లో అద్దె భవనాల్ని జాతీయం చేసినప్పుడు దెబ్బ ఎక్కువ మనవాళ్ళకే తగిలింది, చాలామంది దేశం వదిలారు. అది అన్యాయమే. అయితే ఆ భవనాల్లో అరవయ్యేళ్ళ వంటాయన్ని ‘బాయ్’ అని పిలవడం నేను వెళ్ళేనాటికి కూడా పోలేదు. మన తెలుగువాళ్ళ ఇళ్ళలోనూ విన్నాను. నైరేరేకి మన దేశం 1995లో మొట్టమొదటి గాంధీ శాంతి బహుమతి ఇచ్చిందని ఆ ఇళ్ళలోనే గర్వంగా చెప్పుకుంటారు.

కాబట్టి బాబూ, వాచ్‌మన్ మీకంటే పెద్దవాడైతే పొద్దున్నే ‘షికమో’ అనండి. పెద్దలకి పెట్టే దండం అది. మీరు మేనేజరైనా సరే, వయసులో చిన్నవారు గనక ముందు మీరే అనాలి. ఆయన ‘మరహబా’ అంటాడు. ఆ తర్వాత మీకు ఆ బిల్డింగ్‌లో ఏ పనీ ఆగదు.

కరివేపాకు దొరుకుతుంది. కందులు వాళ్ళు పండించి మనకి ఎగుమతి చేస్తారు, కందిపప్పుకి టెన్షన్ అక్కర్లేదు. ఇంగువ మాత్రం పట్టుకెళ్ళండి.